మార్కులు వేసిన జైలరు

మన కాలేజీలో మనల్ని రెండు లెక్కల్లో కొలుస్తారు. ఒకటి అటెండెన్స్, ఇంకోటి మార్కులు. అటెండెన్స్ అంటే బెంచీ మీద ఎన్ని గంటలు కూర్చున్నామో చెప్పే లెక్క. నిద్రపోయినా, డెస్క్ కింద ఫోన్ చూసుకున్నా, కూర్చుంటే చాలు, పడిపోతుంది. మార్కులంటే ఏం చేశామో చెప్పే లెక్క. రెండూ మనకి నచ్చవు, అది వేరే సంగతి. కానీ ఈ రెండు లెక్కలకీ ఉన్న తేడా కోసం ఒక మనిషి ఉద్యోగాలు పోగొట్టుకున్నాడంటే నమ్ముతారా? ఆయన ప్రొఫెసర్‌గా కూడా పనిచేశారు. కాకపోతే ఆయన మార్కులు వేసి పేరు తెచ్చుకున్నది స్టూడెంట్స్‌కి కాదు, ఖైదీలకి.

ఆయన పేరు అలెగ్జాండర్ మకానకీ. స్పెల్లింగ్ చూసి నేను మొదట మకోనోచీ అని చదివాను. జైళ్ళ గురించి చదువుకునేవాళ్ళందరికీ తెలిసిన పేరు ఇది. పెరోల్ పద్ధతికి మూలపురుషుడని ఆయన్ని చెప్పుకుంటారు. ఆ పేరు నాదాకా ఎలా వచ్చిందో ముందు చెప్పాలి, ఎందుకంటే దానికీ మార్కులకీ సంబంధం ఉంది.

ఫస్ట్ ఇయర్ రెండో సెమిస్టర్‌లో ఎన్.ఎస్.ఎస్. తరఫున మేం ఆరుగురం ఒక జైలుకి వెళ్ళాం. శిక్ష పడిన ఖైదీలకి కంప్యూటర్ బేసిక్స్ చెప్పాలి, నాలుగు ఆదివారాలు. గేటు దగ్గర ఫోన్లు, పెన్‌డ్రైవ్‌లు అన్నీ తీసేసుకున్నారు. రెండు రాత్రులు కూర్చుని చేసిన నా పీపీటీ ఆ పెన్‌డ్రైవ్‌తో పాటు గేటు దగ్గరే ఆగిపోయింది. లోపల నాలుగు పాత కంప్యూటర్లు, ఇరవై మంది మనుషులు. ఖైదీల చదువు, పనుల కార్యక్రమాలు నడిపే మేడం ఒకావిడ ఉన్నారు అక్కడ. ఆవిడ మాకు చెప్పిన రూలు ఒక్కటే. ఏం చేసి లోపలికొచ్చావని ఎవర్నీ అడగొద్దు, ఏం నేర్చుకుంటావని అడగండి అన్నారు.

నా కంప్యూటర్ దగ్గర కూర్చున్నాయనకి నలభై ఏళ్ళుంటాయి. నన్ను సార్ అన్నాడు. జీవితంలో నన్ను సార్ అన్న మొదటి మనిషి ఆయనే. నేను అన్నా అనే పిలిచాను. కూతురి పేరు తెలుగులో టైప్ చెయ్యడానికి ఆయనకి మొదటి ఆదివారం అంతా పట్టింది. రెండో ఆదివారం నెమ్మదిగా అడిగాడు, ఈ క్లాసుకొస్తే రెమిషన్ ఏమైనా ఇస్తారా సార్ అని. నాకు ఆ మాటే తెలీదు. మేడంని అడిగితే చెప్పారు. జైల్లో బాగా పనిచేసి, గొడవల్లేకుండా ఉంటే శిక్షలో కొన్ని రోజులు తగ్గిస్తారు, అదే రెమిషన్, మన క్లాసు మాత్రం ఆ లెక్కలోకి రాదు అని. ఆ విషయం ఆయనకి నేనే చెప్పాల్సొచ్చింది. పర్లేదు సార్ అని మళ్ళీ కీబోర్డ్ వైపు తిరిగాడు.

ఆ రాత్రి హాస్టల్‌లో రెమిషన్ అనే మాట పట్టుకుని వెతుక్కుంటూ పోతే, చివరికి 1840లో, పసిఫిక్ మహాసముద్రంలో ఒక చిన్న దీవి దగ్గర తేలాను. అక్కడే మకానకీ దొరికారు.

ఖైదీ అయిన నావికుడు

మకానకీ 1787లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టారు. తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి పోయారు. బంధువైన ఒక పెద్దాయన పెంచారు, ఆయన తర్వాత జడ్జి అయ్యారు. ఈ కుర్రాణ్ణి కూడా లా చదివించాలని ఇంట్లోవాళ్ళ ఆలోచన. ఇంట్లో ఒకటి అనుకోవడం, పిల్లలకి ఇంకోటి కావాలనిపించడం మనకేం కొత్త కాదు కదా. ఆయనకి సముద్రం కావాలి. 1803లో, అంటే పదహారేళ్ళకి, బ్రిటిష్ నేవీలో చేరిపోయారు.

1811 డిసెంబరులో ఆయన గ్రాస్‌హాపర్ అనే చిన్న యుద్ధ ఓడలో లెఫ్టినెంట్. సరిగ్గా క్రిస్మస్ ముందు రోజు ఆ ఓడ తుఫానులో డచ్ తీరం దగ్గర చిక్కుకుంది. అప్పుడు ఆ తీరమంతా నెపోలియన్ చేతిలో ఉంది. బయటపడే దారి లేక ఓడ లొంగిపోయింది. అందులో ఉన్నవాళ్ళందరూ యుద్ధ ఖైదీలైపోయారు. గడ్డకట్టే చలిలో వాళ్ళని నడిపించుకుంటూ ఫ్రాన్స్‌లోని వెర్డన్ దాకా తీసుకెళ్ళారు. 1814లో నెపోలియన్ గద్దె దిగేదాకా, అంటే రెండేళ్ళకి పైగా, మకానకీ ఖైదీగానే ఉన్నారు.

ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఈ రెండేళ్ళే అనిపిస్తుంది. యుద్ధ ఖైదీకి శిక్ష ఇన్నాళ్ళని ఉండదు. ఎప్పుడు వదుల్తారో ఎవరూ చెప్పలేరు. ఇవాళ బాగా ఉన్నా, చెడుగా ఉన్నా రేపటి రోజు మారదు. మన చేతిలో ఏమీ లేని రోజులు మనిషిని ఏం చేస్తాయో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. జైళ్ళని బాగుచెయ్యాలని పుస్తకాలు రాసిన పెద్దమనుషులు చాలామంది జైలుని బయటినుంచి చూసినవాళ్ళు. ఈయన లోపలినుంచి చూశారు.

యుద్ధాలు అయిపోయాక ఉద్యోగం లేకుండా సగం జీతం మీద ఇంటికొచ్చేశారు. 1822లో మేరీని పెళ్ళి చేసుకున్నారు, పిల్లలు పుట్టారు. భూగోళ శాస్త్రం మీద, పసిఫిక్ వ్యాపారం మీద వ్యాసాలు రాశారు. 1830లో లండన్‌లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ పెట్టినప్పుడు దానికి మొదటి సెక్రటరీ ఆయనే. 1833లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో మొట్టమొదటి జాగ్రఫీ ప్రొఫెసర్ కూడా ఆయనే. అక్కడితో ఆగిపోయి ఉంటే హాయిగా పెద్ద ప్రొఫెసర్‌గా రిటైర్ అయ్యేవారు. నాలాంటి వాడికి ఆయన పేరు కూడా తెలిసేది కాదు.

ఒక రిపోర్ట్, ఒక ఉద్యోగం

ఆ రోజుల్లో బ్రిటన్ తన నేరస్థుల్ని ఓడలెక్కించి ఆస్ట్రేలియాకి పంపేసేది. చిన్న దొంగతనానికి కూడా ఏడేళ్ళు. ఇప్పుడు మనం టాస్మేనియా అంటున్న దీవిని అప్పుడు వాన్ డీమెన్స్ ల్యాండ్ అనేవారు. దానికి సర్ జాన్ ఫ్రాంక్లిన్ గవర్నర్‌గా వెళ్తుంటే మకానకీ ఆయనకి ప్రైవేట్ సెక్రటరీగా కుటుంబంతో సహా బయల్దేరారు. 1837 జనవరిలో అక్కడ దిగారు. ఈ ఫ్రాంక్లినే తర్వాత ఆర్కిటిక్ మంచులో రెండు ఓడలతో సహా కనిపించకుండా పోయిన ఫ్రాంక్లిన్.

లండన్‌లో జైళ్ళ గురించి పనిచేసే ఒక సంఘం బయల్దేరేముందే మకానకీ చేతిలో ఒక పెద్ద ప్రశ్నల జాబితా పెట్టింది. అక్కడ ఖైదీల పరిస్థితి ఎలా ఉందో చూసి రాయమంది. ఆయన చూశారు. ఖైదీలని అక్కడి భూస్వాముల దగ్గర జీతం లేని పనివాళ్ళుగా పెట్టేవారు. మంచి యజమాని దొరికితే బతుకు పర్లేదు, చెడ్డవాడు దొరికితే నరకం. చేసిన నేరానికీ పడే కష్టానికీ సంబంధమే లేదు. తప్పు చేస్తే కొరడా, ఒప్పు చేస్తే ఏమీ లేదు. ఈ పద్ధతి ఖైదీనే కాదు, వాణ్ణి బానిసలా వాడుకునే యజమానిని కూడా పాడుచేస్తోందని ఆయన రిపోర్ట్ రాశారు.

ఆ రిపోర్ట్ లండన్ చేరి 1838లో అచ్చయింది. హోబర్ట్‌లోని పెద్దమనుషులు మండిపడ్డారు. ఉచితంగా పనివాళ్ళు దొరుకుతున్నప్పుడు ఎవరు మాత్రం ఊరుకుంటారు? ఫ్రాంక్లిన్ ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. పెళ్ళాం పిల్లలతో, ఇంటికి వేల మైళ్ళ దూరంలో, ఉద్యోగం లేని మనిషి. అప్పుడు కూర్చుని తన ఆలోచనంతా కాగితం మీద పెట్టారు.

ఆ ఆలోచన ఇదీ. శిక్షని కాలంతో కొలవకూడదు, పనితో కొలవాలి. కాలంతో కొలిస్తే ఖైదీ చెయ్యాల్సింది ఒక్కటే, కాలం గడపడం. ఏడేళ్ళు సోమరిగా గడిపినా ఏడేళ్ళే, మనిషిలా మారి గడిపినా ఏడేళ్ళే. మన సీఎస్ఈ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, లోపల ఏం జరిగినా పట్టించుకోకుండా టైమర్ అయిపోగానే బయటికొచ్చే లూప్ అది. మకానకీ ఆ టైమర్ తీసేసి కౌంటర్ పెట్టమన్నారు. ఇన్ని మార్కులు సంపాదించు, వెళ్ళిపో. పనిచేస్తే మార్కులు, చదువుకుంటే, బుద్ధిగా ఉంటే మార్కులు. తప్పు చేస్తే కొరడా బదులు మార్కుల కోత. అంటే జైలు గది తాళంచెవి ఖైదీ చేతికే ఇవ్వాలి, కాకపోతే అది ఒక్కసారిగా కాదు, ముక్కలు ముక్కలుగా.

నార్ఫోక్ దీవి

సరే, అంత నమ్మకముంటే చేసి చూపించమని ప్రభుత్వం ఆయన్ని నార్ఫోక్ దీవికి సూపరింటెండెంట్‌ని చేసింది. ఆస్ట్రేలియా తీరానికి 1400 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న దీవి అది. ఆస్ట్రేలియా వచ్చాక కూడా మళ్ళీ నేరం చేసినవాళ్ళని అక్కడికి పంపేవారు. శిక్షలోనే శిక్ష అన్నమాట. 1834లో అక్కడ తిరుగుబాటు జరిగి అణిచేశాక, ఎవర్ని ఉరితీస్తారో, ఎవర్ని వదిలేస్తారో చెప్పడానికి ఒక పాస్టర్ ఖైదీల దగ్గరికి వెళ్ళారట. బతికావని చెప్పినవాళ్ళు ఏడ్చారట, ఉరి అని చెప్పినవాళ్ళు మోకాళ్ళ మీద పడి దేవుడికి దండం పెట్టారట. ఆయన రాసిపెట్టిన సంగతి ఇది. ఆ దీవి ఎలాంటిదో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

1840 మార్చిలో మకానకీ భార్యాపిల్లలతో అక్కడ దిగారు. అప్పటికే అక్కడ రెండుసార్లు శిక్షపడినవాళ్ళు సుమారు 1200 మంది ఉన్నారు. ఇంగ్లండ్ నుంచి కొత్తగా వచ్చిన 300 మంది మీద మాత్రమే కొత్త పద్ధతి వాడమని ఆయనకొచ్చిన ఆర్డర్. పాతవాళ్ళ జోలికి వెళ్ళొద్దు. ఒకే దీవి మీద కొందరిని మనుషుల్లాగా, కొందరిని పశువుల్లాగా చూడ్డం కుదరదని ఆయన అందరికీ ఒకే పద్ధతి పెట్టేశారు. పై అధికారులతో గొడవ మొదటి వారాల నుంచే మొదలైంది.

ఉరికంబం విప్పించేశారు. కొరడా దెబ్బలు బాగా తగ్గించారు. భోజనానికి చేతులే వాడాల్సిన చోట చాకులు, ఫోర్కులు ఇచ్చారు. రెండు చర్చిలు కట్టించారు, యూదులైన ఖైదీల ప్రార్థనకి ఒక గది ఇచ్చారు. లైబ్రరీ పెట్టారు, చదువు రానివాళ్ళకి బడి పెట్టారు, బ్యాండ్ వాయిద్యాలు తెప్పించారు. ఖైదీలకి కూరగాయలు పండించుకోవడానికి కాస్త నేల ఇచ్చారు. చచ్చిపోయిన ఖైదీల సమాధుల మీద పేరు రాసిన రాయి పెట్టుకోనిచ్చారు. ఈ చివరిది చదివి నేను కాసేపు ఆగాను. అంతకుముందు ఆ దీవిలో ఖైదీకి చచ్చాక కూడా పేరు దక్కడం కష్టమే.

వచ్చిన రెండు నెలలకే విక్టోరియా రాణి పుట్టినరోజు వచ్చింది. 1840 మే 25న జైలు గేట్లన్నీ తెరిచేసి, సాయంత్రం దాకా దీవంతా మీదేనన్నారు. బాగా తిండి పెట్టారు. నిమ్మరసంలో కొద్దిగా రమ్ము కలిపి రాణి ఆరోగ్యం కోసం తాగమన్నారు. ఖైదీలే నాటకం వేశారు, రాత్రి బాణసంచా కాల్చారు. సిపాయిల కంటే ఎన్నో రెట్లు ఎక్కువమంది ఖైదీలు, అందరూ స్వేచ్ఛగా తిరుగుతున్నారు. ఆ సమయానికి ఆయన భార్య మనసులో ఏముందో ఊహించుకోండి. బ్యూగిల్ ఊదగానే అందరూ వరసగా వెనక్కొచ్చి పడుకున్నారు. ఒక్క గొడవ జరగలేదు, ఒక్కడు పారిపోలేదు.

సిడ్నీ పేపర్లకి ఈ వార్త చేరాక మాత్రం గొడవ జరిగింది. నేరస్థులకి పార్టీ ఇచ్చిన పిచ్చి కెప్టెన్ అని వెక్కిరించారు. సిడ్నీలోని గవర్నర్ జార్జ్ గిప్స్‌కి కూడా కోపమొచ్చింది.

మార్కుల లెక్క

పద్ధతి ఇలా ఉండేది. ఏడేళ్ళ శిక్ష పడినవాడు 6000 మార్కులు సంపాదించాలి, పదేళ్ళవాడు 7000, యావజ్జీవం అయితే 8000. సంపాదించిన మార్కులు దాచుకోవచ్చు, లేదా మంచి తిండి లాంటివి కొనుక్కోవచ్చు. కొనుక్కుంటే విడుదల అంత దూరం జరుగుతుంది. ఇవాళ్టి సుఖమా, రేపటి స్వేచ్ఛా అన్నది ఎవరికి వాళ్ళే తేల్చుకోవాలి. బయటికెళ్ళాక రోజూ చెయ్యాల్సిన పని అదే కదా, దాన్ని లోపలే ప్రాక్టీస్ చేయించారు.

తర్వాతి దశలో ఆరుగురు కలిసి ఒక గ్రూపు. అందరి మార్కులూ కలిపే లెక్క. ఒకడు తప్పు చేస్తే అందరికీ కోత. మన ల్యాబ్ ప్రాజెక్ట్ టీమ్‌లా అనిపించి నవ్వొచ్చింది నాకు, అక్కడ కూడా పనిచెయ్యనివాడు ఒకడు ఉండే ఉంటాడు. కానీ ఆయన ఉద్దేశం వేరు. నా వల్ల పక్కవాడు నష్టపోతాడు అనే ఆలోచన మనిషిలో మళ్ళీ పుట్టాలని.

చార్లెస్ ఆండర్సన్ అనే ఖైదీ సంగతి చెప్పకుండా ఉండలేను. నేవీలో తలకి దెబ్బ తగిలి మతి చలించిన కుర్రాడు. తిరగబడ్డం, కొరడా దెబ్బలు, పారిపోవడం, మళ్ళీ దెబ్బలు. చివరికి సిడ్నీ హార్బర్‌లోని గోట్ ఐలాండ్‌లో అతన్ని ఒక బండరాయికి గొలుసుతో కట్టేశారు. పడవల్లో వెళ్ళే జనం చూసి రొట్టె ముక్కలు విసిరేవారట. నార్ఫోక్ దీవికి వచ్చేసరికి అతను చూడ్డానికి ముసలివాడిలా ఉన్నాడు, వయసు మాత్రం ఇరవై నాలుగు. మకానకీ అతనికి ఎవరి మాటా వినని మొండి ఎద్దుల్ని అప్పజెప్పి, ఇంకెవరూ వాటి జోలికి రావద్దన్నారు. అతను వాటిని లొంగదీశాడు. ఆ తర్వాత కొండ మీద ఓడలకి సిగ్నల్ ఇచ్చే చోట పని ఇచ్చారు. సముద్రం తెలిసినవాడికి సముద్రం కనిపించే ఉద్యోగం. కొన్నాళ్ళకి గవర్నర్ గిప్స్ వచ్చినప్పుడు నావికుడి బట్టల్లో చలాకీగా తిరుగుతున్న అతన్ని చూసి ఎవరని అడిగారట. తర్వాత రోజుల్లో అతనికి మళ్ళీ మతి తప్పిందని రాశారు. అయినా మధ్యలో ఆ కొన్నేళ్ళు అతను మనిషిగా బతికాడు.

అన్నీ సవ్యంగా జరిగాయని చెప్తే అబద్ధమవుతుంది. మార్కులు నిండినవాణ్ణి విడుదల చేసే అధికారం మకానకీకి లేదు. మార్కులు వెయ్యడం ఆయన చేతిలో, గేటు తాళం సిడ్నీ, లండన్ చేతిలో. ఎగ్జామ్ పాసైనా మెమో ఇవ్వకపోతే ఎలా ఉంటుంది? ఖైదీలకి నమ్మకం తగ్గుతూ వచ్చింది. 1842లో కొంతమంది గవర్నర్ ఫిలిప్ అనే ఓడని లాక్కుని పారిపోవాలని చూశారు, ప్రాణాలు పోయాయి. ఇంట్లో కూడా దెబ్బ తగిలింది. కొడుక్కి పాఠాలు చెప్పడానికి పెట్టుకున్న యువ ఖైదీకీ, ఆయన పెద్ద కూతురికీ మధ్య ప్రేమ నడిచిందని బయటపడింది. అమ్మాయిని ఇంగ్లండ్ పంపేశారు. నమ్మకం మీద దీవిని నడిపిన మనిషి ఇంట్లోనే ఇలా జరిగిందని శత్రువులు చెప్పుకుని చెప్పుకుని నవ్వారు.

1843లో గిప్స్ ముందు చెప్పకుండా దీవికొచ్చి ఆరు రోజులు తిరిగి చూశారు. వెక్కిరించడానికి వచ్చిన మనిషి క్రమశిక్షణ బాగుందని మంచి రిపోర్ట్ రాశారు. కానీ అప్పటికే లండన్‌లో మకానకీని తీసెయ్యాలని నిర్ణయం అయిపోయింది. ఓడల కాలం కదా, ఒక ఉత్తరం ఎదురొచ్చేలోపు ఇంకో ఉత్తరం దాటిపోతుంది. 1844 ఫిబ్రవరిలో ఆయన దీవి వదిలారు. ఆయన దగ్గర నుంచి విడుదలై సిడ్నీ వెళ్ళినవాళ్ళలో మళ్ళీ నేరం చేసి పట్టుబడినవాళ్ళు చాలా కొద్దిమందే.

తర్వాత వచ్చిన అధికారి పాత పద్ధతి మళ్ళీ తెచ్చారు. 1846 జులైలో ఖైదీల సొంత వంట గిన్నెలు లాక్కున్నందుకు అల్లరి చెలరేగి నలుగురు హత్యకి గురయ్యారు. అక్టోబరులో ఒకే రోజు 12 మందిని ఉరితీశారు. మకానకీ విప్పించేసిన ఉరికంబం మళ్ళీ లేచి నిలబడింది.

బర్మింగ్‌హామ్

ఇంగ్లండ్ తిరిగొచ్చాక ఆయన మార్కుల పద్ధతి గురించి పుస్తకాలు రాస్తూనే ఉన్నారు. 1849లో బర్మింగ్‌హామ్‌లో కొత్తగా కట్టిన జైలుకి ఆయన్ని గవర్నర్‌గా పెట్టారు. అప్పటికి అరవై దాటాయి. కిందున్న డిప్యూటీ మాట వినలేదు, పైనున్న మేజిస్ట్రేట్‌లు ఆయన పద్ధతికి ఒప్పుకోలేదు. 1851లో తీసేశారు. డిప్యూటీయే గవర్నర్ అయ్యాడు. చేత్తో తిప్పే క్రాంక్ అనే యంత్రం ఒకటి ఉండేది, తిప్పితే ఏమీ తయారుకాదు, రోజుకి 10000 చుట్లు తిప్పాలి, లేకపోతే తిండి ఉండదు. 1853లో పదిహేనేళ్ళ కుర్రాడు ఒకడు అది భరించలేక తన గదిలో ఉరేసుకున్నాడు. ప్రభుత్వం విచారణ కమిషన్ వేసింది.

ఆ కమిషన్ మకానకీ దయగల మనిషని ఒప్పుకుంది. కానీ ఆయన ఉన్న రోజుల్లో కూడా చట్టం ఒప్పుకోని శిక్షలు కొన్ని జరిగాయని చెప్పింది. నాకిది నచ్చలేదు. ఇంత రాశాక మన హీరోకి మచ్చ ఎందుకని ఈ పేరా తీసేద్దామనుకున్నాను కూడా. తర్వాత అనిపించింది, మనిషి చేసిన ఒక్క తప్పుతో ఆయన్ని మొత్తం కొలవకూడదనే కదా ఆయన జీవితమంతా చెప్పింది. అదే కొలత ఆయనకీ వాడాలి. అందుకే ఉంచాను.

1860 అక్టోబరులో లండన్ దగ్గర మోర్డెన్‌లో ఆయన పోయారు. ఓడిపోయాననుకునే పోయి ఉంటారని నా అనుమానం.

కానీ అప్పటికే ఐర్లండ్‌లో వాల్టర్ క్రాఫ్టన్ అనే అధికారి మార్కులు, దశలు, షరతులతో విడుదల అన్నీ అమల్లో పెట్టేశారు. ఐర్లండ్ నుంచి అది అమెరికా వెళ్ళింది, 1876లో న్యూయార్క్ రాష్ట్రంలో ఎల్మైరా జైలు ఆ పద్ధతి మీదే మొదలైంది. ఇవాళ ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో ఉన్న జైలుకి మకానకీ పేరే పెట్టారు.

మన దగ్గరికి వస్తే

మన దేశంలో జైళ్ళకి పునాది వేసిన చట్టం 1894 నాటి ప్రిజన్స్ యాక్ట్. అందులో రెమిషన్ అంటే ఏంటో చెప్పే చోట, ఖైదీలకి మార్కులు ఇవ్వడం, దాన్ని బట్టి శిక్ష తగ్గించడం అని ఉంటుంది. సరిగ్గా మార్కులు అనే మాటే. ఆయన పోయిన 34 ఏళ్ళకి, ఆయన ఎప్పుడూ చూడని దేశం చట్టంలో ఆ మాట చూసి నాకు ఒళ్ళు జలదరించింది. హైదరాబాద్‌లో చంచల్‌గూడ జైలు పక్కన జైళ్ళ శాఖ నడిపే బంకులో మనలో కొందరు పెట్రోల్ పోయించుకునే ఉంటారు. అలాంటి బంకుల్లో పనిచేసేవాళ్ళలో ఖైదీలుంటారు. మనం బండి ఆపి, డబ్బిచ్చి, చిల్లర తీసుకుని వచ్చేస్తాం. నార్ఫోక్ దీవి గేట్లు తెరిచిన రోజుకీ ఆ బంకుకీ మధ్య దారి ఉందని ఇప్పుడు నాకు తెలుసు.

ఇక మా క్లాసు సంగతి. నాలుగు ఆదివారాలన్నారు, మూడే జరిగాయి. నాలుగోది ఇంటర్నల్స్ వల్ల ఆగిపోయింది. మూడో ఆదివారమే గ్రూప్ ఫోటో తీసుకున్నాం కాబట్టి మళ్ళీ పెట్టాలని ఎవరికీ గుర్తు రాలేదు. నాకూ రాలేదు. సెమిస్టర్ చివర్లో మా ఆరుగురికీ సర్వీస్ అవర్స్ పడ్డాయి, సర్టిఫికెట్ ఇచ్చారు.

అంటే జైలుకి వెళ్ళినందుకు మార్కులు నాకొచ్చాయి. లోపల ఉండి మూడు వారాలు ఒక్కరోజు మానకుండా నేర్చుకున్నాయనకి ఏమీ రాలేదు. ఆయనది ఇంకా టైమరే. మకానకీ గురించి చదివిన దగ్గర్నుంచి ఈ లెక్క నన్ను వదల్లేదు.

చివరి రోజు ఆయన కూతురికి ఉత్తరం టైప్ చెయ్యడం మొదలుపెట్టాడు. నాలుగు లైన్లయ్యాయి, టైం అయిపోయింది. ఆ ఫైల్ సేవ్ చేసి, వచ్చే వారం పూర్తిచేద్దాం అన్నా అని చెప్పి వచ్చాను.

ఈ సెమిస్టర్‌లో మళ్ళీ వెళ్ళడానికి పర్మిషన్ కోసం లెటర్ పెట్టాం. ఈసారి పది ఆదివారాలు అడిగాం. ఆ మేడం చెప్పినదాని ప్రకారం పాఠాలు చెప్పేవాళ్ళకి గొప్ప టాలెంట్ ఏమీ అక్కర్లేదు, మొదలుపెట్టింది మధ్యలో వదలకుండా వస్తే చాలట. రాగలిగినవాళ్ళు లిటరరీ క్లబ్ రూంలో పేర్లివ్వండి. సర్వీస్ అవర్స్ పడతాయో లేదో మాత్రం నన్నడక్కండి.

– సి.ఎస్.ఇ., రెండో సంవత్సరం